ముత్యాలకొట్టాల స్టేడియం చరిత్ర, తప్పొప్పుల పట్టికతో సహా

ముత్యాలకొట్టాల స్టేడియాన్ని కూల్చడానికి పదకొండు రోజులు పట్టింది. దాని చరిత్ర రాయడానికి వకుళకు పదకొండు నెలలు పట్టింది. ఈ రెంటిలో ఊరికి ఎక్కువ నష్టం చేసింది ఏదని అడిగితే, ఆమె ఇప్పటికీ కాసేపు ఆలోచించి గానీ జవాబు చెప్పదు.

కూల్చివేత సంగతి ఊరంతా ఎరిగిందే. ఆ చోట మూడంతస్తుల వాణిజ్య సముదాయం కట్టాలని మునిసిపాలిటీ తీర్మానించింది. గ్యాలరీలన్నీ నేలమట్టమయ్యాక, సముదాయం కట్టాల్సిన చోటు అది కాదనీ, తీర్మానంలో సర్వే నంబరు తప్పు పడిందనీ తేలింది. అప్పటికి అక్కడ కూల్చడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, పొరపాటు దిద్దుకోవడానికీ ఏమీ మిగల్లేదు. రాళ్లూ ఇనుమూ ఎవరికి వీలైనంత వాళ్లు పట్టుకుపోయారు. నడుమనున్న మైదానాన్ని మాత్రం ఎవరూ మోసుకుపోలేకపోయారు.

ఆ మైదానంలోకి జూనియర్ కాలేజీ ఆడపిల్లలు పదహారు మంది ఒక బంతి తీసుకుని దిగారు. అంతకుముందు స్టేడియం ఉన్నన్నాళ్లూ గేటుకు తాళం ఉండేది. స్టేడియం పోవడంతో తాళం కూడా పోయింది. వాళ్ల కెప్టెన్ షమీమ్, బస్టాండు పక్కన పంక్చర్లు వేసే మహబూబ్ కూతురు. సన్నగా, పొడుగ్గా ఉండి, ఎవరేం చెప్పినా ముందు విని తర్వాత మాట్లాడే పిల్ల. వకుళ తన మిద్దె మీద వడియాలు ఎండబెడుతూ రోజూ వాళ్ల ఆట చూసేది. ఫుట్‌బాల్ గురించి ఆమెకు తెలిసింది తక్కువే. అయినా గీతలు సరిగ్గా లేవని మాత్రం కనిపెట్టింది. ఒకరోజు డబ్బాడు ముగ్గుపిండి, కొబ్బరిపీచు తాడు పట్టుకుని కిందికి దిగి, కొలతలు అడిగి, మైదానానికి తానే గీతలు వేసింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున తన వాకిట్లో ముగ్గు అయ్యాక, మైదానంలో ముగ్గు ఆమె పనే అయింది.

వకుళ తిరుపతిలో ఎం.ఏ. చరిత్ర చదివింది. పెళ్లయ్యాక ముప్పై ఏళ్లలో ఆ చదువు వాడుకునే అవసరం పెద్దగా రాలేదు గానీ, అలవాటు పోలేదు. పప్పులో ఉప్పు చెంచాతో కొలుస్తుంది. ఇంటికొచ్చిన పెళ్లిపత్రికలో వారం, తేదీ కలుస్తున్నాయో లేదో చూసి గానీ పక్కన పెట్టదు. మునిసిపాలిటీ వాళ్లు పంచిన క్యాలెండర్‌లో ఊరి ఇళ్ల కంటే ఊరి కుళాయిల సంఖ్య ఎక్కువగా ఉండటం చూసి, ఇది పొరపాటా లేక శుభవార్తా అని అడుగుతూ కమిషనర్‌కు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. కానీ ఆఫీసులో ఎవరో దాన్ని దాచారు. తర్వాత జరిగిందంతా ఆ ఉత్తరం వల్లే.

ఆ ఏడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి మునిసిపాలిటీ తన పరిధిలో కనీసం ఒక వారసత్వ స్థలాన్ని గుర్తించి, దాని చరిత్రతో సహా నివేదించాలి. ముత్యాలకొట్టాలలో కోట లేదు, శాసనం లేదు, పేరున్న బావి కూడా లేదు. ఉన్నది ముగ్గురాయి గని ఒక్కటే. అది గొయ్యి. వారసత్వ విభాగం ప్రత్యేకాధికారిగా వచ్చిన చెన్నకేశవులు ఊరంతా రెండు రోజులు తిరిగి, మూడో రోజు ఖాళీ మైదానం ముందు జీపు ఆపించి, కళ్లజోడు తుడుచుకున్నాడట.

నాలుగో రోజు ఆయన, ఆఫీసులో దాచిన ఆ కుళాయిల ఉత్తరం పట్టుకొచ్చి, వకుళ ఇంటి హాల్లో కూర్చుని, కాఫీ తాగుతూ తన ఆలోచన వివరించాడు.

"ఉన్న కట్టడాన్ని పరిరక్షించడం కడు క్లిష్టమైన కార్యం మేడం. సున్నం కొట్టాలి, పిచ్చిమొక్కలు పీకాలి, ఎవరి పేర్లు వాళ్లు చెక్కకుండా కాపలా పెట్టాలి. లేని కట్టడానికి ఆ బాధ లేదు. అది ఇంకెన్నడూ శిథిలం కాదు. ఆ విధంగా చూసినప్పుడు, సదరు స్టేడియం రాష్ట్రంలోనే అత్యంత సురక్షితమైన వారసత్వ కట్టడం అవుతుంది."

వకుళ భర్త రంగనాయకులు పేపరు కిందికి దించి ఆయన్ను ఒకసారి చూసి, మళ్లీ పేపరు పైకెత్తాడు. వకుళ మాత్రం ఆ మాటలో తర్కం వెతికింది. దొరికింది కూడా. ఆ చరిత్రను ఆమే రాయాలని, పుస్తకం అట్ట మీద ఆమె పేరు పడుతుందని, పేరు పక్కన ఎం.ఏ. కూడా పడుతుందని అధికారి అన్నాక, ఆ తర్కం ఇంకా గట్టిగా కనిపించింది. ఈ విషయం ఆమె చాలా కాలం ఒప్పుకోలేదు.

చరిత్ర రాయాల్సిన పద్ధతి నమూనా-7లో ఉంది. ముప్పై నాలుగు గడులు. ఏ గడినీ ఖాళీగా వదలకూడదు. ‘తెలియదు’ అని రాస్తే ఖాళీ కిందే లెక్క. వకుళకు ఈ కట్టుదిట్టం బాగా నచ్చింది. కాగితాల పెట్టెలూ, కంపెనీ పాత రిజిస్టర్లూ, ముసలివాళ్ల జ్ఞాపకాలూ గాలించడం మొదలుపెట్టింది. ఒక్కరు చెబితే నమ్మేది కాదు. ఇద్దరు చెబితే రాసుకునేది. ముగ్గురు ఒకేలా చెబితే, వాళ్లు ముందే మాట్లాడుకున్నారేమోనని అనుమానించేది.

అలా తేలినదేమిటంటే, ముగ్గురాయి కంపెనీ మేనేజరొకాయన 1956లో కూలీల కోసం ఆ స్టేడియం కట్టించాడు. మైదానంలో ఫుట్‌బాల్, మైదానం చుట్టూ కుక్కల రేసు. గీతలకు గనిలోంచి వచ్చిన తెల్లపొడినే వాడేవారు. రేసుకుక్కలు సన్నటి నడుములతో, ఊళ్లో వాళ్లకంటే మంచి తిండి తింటూ కంపెనీ షెడ్డులో ఉండేవి. వాటికి ముందు గుడ్డతో కుట్టిన కుందేలు పరిగెత్తేది. దాన్ని లాగే తాడు, తలకిందులుగా బిగించిన సైకిలు చక్రానికి చుట్టుకునేది. ఆ చక్రం తిప్పినవాడు దస్తగిరి. అప్పుడతనికి ఇరవై నిండలేదు. ఇప్పుడు ఎనభై దాటాయి.

గడి నంబరు 22: ‘సదరు స్థలమున జరిగిన అత్యంత ప్రముఖ ఘటన మరియు దాని ఫలితము.’ ప్రముఖ ఘటన ఏదో ఊరందరికీ తెలుసు. 1964లో చింతలగుట్ట జట్టుతో జరిగిన ఫైనల్. ఫలితం ఎవరికీ తెలియదు. వకుళ దస్తగిరి ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుంది.

"ఫలితం యాడిది మా" అన్నాడు దస్తగిరి. "ఆట అయిపోతే గదా ఫలితం. కుక్కలొచ్చి చెడగొట్న్యాయి."

జరిగింది ఇదీ. స్టేడియానికి రెండు కమిటీలుండేవి. ఒకటి బంతి కమిటీ, ఇంకొకటి కుక్కల కమిటీ. ఆరోజు మూడింటికి ఆట, ఐదింటికి రేసు. మేనేజరు ఆలస్యంగా రావడంతో ఆట మూడూ నలభై రెండుకు మొదలైంది. ఐదింటికి కుక్కల కమిటీ కార్యదర్శి వచ్చి, తమ టైము అయిందన్నాడు. ఆట ఇంకా నడుస్తోంది కదా అంటే, అది బంతి కమిటీ సమస్య అన్నాడు. సరిగ్గా ఐదింటికి విజిల్ వేయించాడు. దస్తగిరి చక్రం తిప్పాడు. కుక్కలు మైదానం చుట్టూ తిరగాల్సినవే. కానీ మలుపు దగ్గర తాడు తెగి, కుందేలు ఎగిరి గోలు ముందు పడింది. ఏడు కుక్కలు దాని వెంట దూకాయి. కుందేలు చిక్కనివి బంతిని పట్టుకున్నాయి. బంతి పగిలింది. ఊళ్లో రెండో బంతి లేదు.

"అప్పటికి ఎవరు గెలుస్తా ఉండ్రి?" అని వకుళ అడిగింది.

"నేను కుక్కల కమిటీ మనిషిని. బంతి పక్క మేము చూసేవాళ్లం కాదు" అన్నాడు దస్తగిరి.

వకుళ ఇంటికొచ్చి రెండు రోజులు మథనపడింది. ఆ కథ నిజమే కావచ్చు గానీ చరిత్రలా లేదనిపించింది. ఎం.ఏ. అని వెనకాల తగిలించుకున్న పేరు కింద, గుడ్డ కుందేలు వల్ల ఫైనల్ ఆగిపోయిందని ఎలా రాయడం? గడి ఖాళీగా వదలకూడదు. ‘తెలియదు’ అనకూడదు. చివరికి ఆమె తన జీవితంలో మొదటిసారి కొలవకుండా ఉప్పు వేసింది. 4–1 అని రాసింది. సొంత ఊరు గెలిచిందని రాస్తే పక్షపాతం అంటారేమోనని, ఓడిపోయిందని రాసింది. చరిత్రకారులు నిష్పాక్షికంగా ఉండాలి కదా. వట్టి అంకెలు చప్పగా ఉన్నాయనిపించి, గోల్స్ పడిన నిమిషాలు కూడా చేర్చింది: 11, 29, 52, 70. మన గోలు 85వ నిమిషంలో, గౌరవం దక్కేలా.

గడి నంబరు 31: ‘సదరు స్థలము యొక్క ప్రస్తుత వినియోగము.’ ఇక్కడ మాత్రం ఆమె అక్షరం పొల్లుపోకుండా నిజం రాసింది. ‘ఆడపిల్లలు రోజూ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు ఫుట్‌బాల్ ఆడుతున్నారు.’

అబద్ధం రాసిన గడిని అధికారులు మెచ్చుకున్నారు. నిజం రాసిన గడి మీద చర్య తీసుకున్నారు.

పుస్తకావిష్కరణ మంగళవారం జరిగింది. శాలువా కప్పారు. బుధవారం పొద్దున మైదానం చుట్టూ ఇనుప కంచె, గేటు, గేటు మీద బోర్డు వచ్చాయి. ‘ఇది చారిత్రక ఫుట్‌బాల్ మైదానము. ఇందు ఫుట్‌బాల్ ఆడుట నిషేధము.’

సాయంత్రం నాలుగున్నరకు పదహారు మంది పిల్లలూ బంతితో సహా వకుళ వాకిట్లో నిలబడ్డారు. ఇంకో నలభై రోజుల్లో జిల్లా పోటీలు. అందులో గెలిచిన జట్టులో వాళ్లకే క్రీడా హాస్టల్లో సీట్లు ఇస్తారని షమీమ్ ఆమెకు ముందెప్పుడో చెప్పింది. ఇప్పుడు మళ్లీ చెప్పలేదు. కాలేజీ వెనక చోటు సైకిళ్లకే చాలదు. ఊళ్లో ఇంకో మైదానం లేదు.

"మేం యాడ ఆడుకోవల్ల ఆంటీ?" అని మాత్రం అడిగింది.

మర్నాడు వకుళ మునిసిపల్ ఆఫీసుకు వెళ్లింది. చెన్నకేశవులు నిలబడి నమస్కారం పెట్టాడు. ఆమె పుస్తకాన్ని బల్ల మీద, దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు.

"మీరే కదా మేడం సాక్ష్యాధారాలతో సహా తెలియపరచింది, అక్కడ ఆక్రమణ జరుగుతోందని. అంతవరకు మా దృష్టికి రానేలేదు. ఫుట్‌బాల్ చరిత్ర నెలకొన్న నేల మీద ఇష్టం వచ్చినట్టు ఫుట్‌బాల్ ఆడుతుంటే, ఆ చరిత్ర ఏమైపోవాలి? కాలిముద్రల మీద కాలిముద్రలు పడవా?"

లోపలికి ఎవరిని రానిస్తారని ఆమె అడిగింది. నియమం తొమ్మిది ప్రకారం నిర్వహణ సిబ్బంది, ప్రదర్శన వస్తువులు తప్ప వేరెవరికీ ప్రవేశం లేదని ఆయన చదివి వినిపించాడు. వకుళ ఆ వాక్యాన్ని రెండుసార్లు మనసులో తిప్పుకుంది. తన తెలివికి తనకే ముచ్చట వేసేలాంటి ఆలోచన ఒకటి అప్పుడు తట్టింది. ప్రదర్శన వస్తువులకు ప్రవేశం ఉన్నప్పుడు, ఆ పిల్లలనే ప్రదర్శన వస్తువులుగా చూపిస్తే? పాత మ్యాచ్‌ను జనం కళ్లకు కట్టేలా రోజూ ఆడి చూపే సజీవ ప్రదర్శన?

చెన్నకేశవులు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆ ఆలోచన ఆయనదైపోయింది.

మూడు రోజుల్లో అనుమతి వచ్చింది. పదకొండు మంది పిల్లలకు ప్రదర్శన సంఖ్యలు కేటాయించారు. షమీమ్ మెడలో ‘ప్రదర్శన వస్తువు – 6, తాకరాదు’ అన్న కార్డు వేలాడింది. ఆ రోజు వకుళ మిద్దె మీంచి చూసి, ఎంతైనా చదువు చదువే అనుకుంది. షరతులు ఆమె ఇంకా చదవలేదు.

మొదటి షరతు: ప్రదర్శన ఆమోదిత చరిత్రకు అనుగుణంగా ఉండాలి. అంటే పిల్లలు రోజూ 4–1తో ఓడిపోవాలి. గోల్స్ 11, 29, 52, 70, 85 నిమిషాల్లోనే పడాలి. రెండో షరతు: చింతలగుట్ట జట్టుగా మునిసిపల్ ఆఫీసు సిబ్బంది ఆడాలి. మూడో షరతు: పుస్తకంలో కుక్కల రేసు కూడా ఉంది కాబట్టి కుక్కలు కూడా ఉండాలి. రేసుకుక్కలు దొరికే దాకా ఏడు వీధికుక్కలను పట్టుకొచ్చి, వాటి మెడల్లో ‘గ్రేహౌండ్ (తాత్కాలికం)’ అని బిళ్లలు కట్టారు. దస్తగిరిని సైకిలు చక్రం దగ్గర నియమించారు. గుడ్డ కుందేలును వకుళే కుట్టింది. కొలతలు అతను చెప్పాడు.

అక్కడ్నుంచి రోజూ సాయంత్రం మైదానంలో చరిత్ర జరిగింది. రెవెన్యూ గుమాస్తా పరంధామయ్యకు యాభై నాలుగేళ్లు. చెప్పులు విప్పి వంగితే మళ్లీ లేవడానికి గోడ కావాలి. అలాంటి మనిషి ప్రతిరోజూ పదకొండో నిమిషంలో గోలు కొట్టాలి. కొట్టేవాడు కూడా. బంతి ఆయన కాలికి తగిలేలా పిల్లలే మెల్లగా తోసేవారు, గోలు ముందున్న వాళ్లు పక్కకు జరిగేవారు, గోల్‌కీపర్ ఓబులేశ్వరి రెండో పక్కకు పడేది. రెండో వారానికి పరంధామయ్యకు ఫుట్‌బాల్ బూట్లు వచ్చాయి. మూడో వారానికి ఆయన షమీమ్‌కు సలహాలివ్వడం మొదలుపెట్టాడు. గోలు కొట్టాక రెండు చేతులూ పైకెత్తి, ఒకప్పుడు గ్యాలరీ ఉన్న ఖాళీ చోటు వైపు పరిగెత్తడం కూడా నేర్చుకున్నాడు. చెన్నకేశవులు గడియారం పట్టుకుని గీత పక్కన నిలబడి, రిజిస్టర్లో టిక్కులు పెట్టుకునేవాడు.

ఒకరోజు యాభై రెండో నిమిషంలో ఓబులేశ్వరి అలవాటు కొద్దీ బంతిని పట్టేసుకుంది. పట్టుకున్నాక గుర్తొచ్చి వదిలేసింది. అయినా ఆమెకు మెమో వచ్చింది. ‘తేదీ పదునాలుగున సదరు ప్రదర్శన వస్తువు-1 ఉద్దేశపూర్వకముగా చరిత్రను అడ్డుకొనినది. దీనిపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలియజేయవలెను.’ ఆ జవాబు వకుళే రాసిచ్చింది. పొరపాటుకు చింతిస్తున్నాననీ, ఇకపై ఏ బంతినీ ఆపననీ.

జిల్లా పోటీలకు రెండు వారాలుండగా, పక్క మండలం జట్టుతో వాళ్ల ఊళ్లో ఒక స్నేహపూర్వక ఆట కుదిరింది. వకుళ కూడా పిల్లలతో పాటు బస్సులో వెళ్లింది. అక్కడ చెన్నకేశవులు లేడు, గడియారం లేదు, మెడలో కార్డులు లేవు. మొదటి పది నిమిషాలు పిల్లలు గాలిలా ఆడారు. పదకొండో నిమిషంలో ఎదుటి జట్టు పిల్ల ఒకామె బంతితో ముందుకొచ్చింది. మన వాళ్లంతా పక్కకు తప్పుకున్నారు. ఓబులేశ్వరి రెండో పక్కకు పడింది.

ఆట 4–1తో ముగిసింది. 85వ నిమిషంలో షమీమ్ కొట్టిన గోలు చూసి ఎదుటి జట్టు వాళ్లే ఆశ్చర్యపోయారు, ఇంత బాగా కొట్టగలిగిన పిల్ల ఇంతసేపూ ఏం చేస్తోందని.

తిరుగు బస్సులో షమీమ్ వచ్చి వకుళ పక్క సీట్లో కూర్చుంది. కిటికీలోంచి ముగ్గురాయి గుట్టలు తెల్లగా వెనక్కి పోతున్నాయి.

"ఆంటీ, ఒగటి అడుగుతా. మీరు ఏమీ అనుకోగాకండి" అంది. "ఆ నాలుగు–ఒకటి అనేది నిజంగా జరిగిందేనా?"

వకుళ చేతిలోని సంచిని ఒడిలో సర్దుకుంది. పుస్తకంలో 22వ గడి కింద ఆధారం అన్న చోట ఆమె ‘స్థానిక వృద్ధుల కథనం’ అని రాసింది.

"ఎందుకు అడుగుతాండావు?" అంది.

"నిజమైతే ఏం చేయలేం. అప్పుడట్ల ఓడిపోయినారు అనుకుంటాం. నిజం కాకపోతే మాత్రం..." షమీమ్ ఆగి, మాట మార్చింది. "ఓబుళి నిన్న ఇంట్లో చెంబు జారి పడతాంటే పట్టుకోకుండా పక్కకు జరిగిందంట. వాళ్లమ్మ తిట్టింది."

ఇంటికొచ్చాక వకుళ భర్తకు అంతా చెప్పింది. గుడ్డ కుందేలు దగ్గర్నుంచి ఓబులేశ్వరి చెంబు దాకా. రంగనాయకులు ఈసారి పేపరు పూర్తిగా మడిచి పక్కన పెట్టాడు.

"మన పెళ్లిపత్రికలో తారీఖు తప్పు పడిందని, అచ్చేసినవి నాలుగు వందలూ నీ చేత్తో దిద్దినావు" అన్నాడు. "ఇది ఒక్క గడే కదా."

అవతల వారం చరిత్రకారుల సదస్సులో ఆమెకు సన్మానం ఉంది. ఆహ్వానపత్రికలో ఎం.ఏ. ఉంది. వకుళ ఆ పత్రికను ఒకసారి తీసి చూసుకుంది. వారం, తేదీ కలుస్తున్నాయి. పత్రిక లోపల పెట్టేసి, తెల్లకాగితం తీసి ‘తప్పొప్పుల పట్టిక’ అని పైన రాసింది.

కానీ ఆధారం లేకుండా తప్పును కూడా దిద్దకూడదని ఆమెకు పట్టుదల. దస్తగిరి దగ్గరికి మళ్లీ వెళ్లింది. ఆట ఆగిపోయిందనడానికి నీ మాట కాక ఇంకేమైనా ఉందా అని అడిగింది. ఆయన లోపలికెళ్లి, ట్రంకు పెట్టె అడుగున వెతికి, అరచేతంత తోలుముక్క ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పాత ఫుట్‌బాల్ తోలు. కుట్టు ఊడి ఉంది. నాలుగు పక్కలా పంటిగాట్లు.

"మొన్ననే ఇది చూపియ్యచ్చు గదా తాతా" అంది వకుళ.

"నువ్వు ఫలితం అడిగినావు మా. ఇది అడగల్యా."

చెన్నకేశవులు తోలుముక్కను భూతద్దంతో చూశాడు. తర్వాత తప్పొప్పుల పట్టిక చదివాడు. ఆయన ముఖం చూస్తే, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని కబురు వచ్చినట్టుంది.

"మేడం, ఆమోదం పొందిన చరిత్రలో దోషం రెండు విధాలుగా ఉండవచ్చును. తెలియక దొర్లిన దోషం, తెలిసి చేసిన దోషం. తెలియక దొర్లినదైతే, అసలు నిజం ఏమిటో తేల్చడానికి త్రిసభ్య సంఘం వేయాలి. మూడు సంవత్సరాలు. తెలిసి చేసినదైతే, అసలు నిజం రచయితకే తెలుసు కనుక విచారణ అక్కర్లేదు. తక్షణం దిద్దవచ్చును. అయితే ఆ మేరకు మీరు సంతకం చేయాలి." ఆయన గొంతు తగ్గించాడు. "తెలియక దొర్లినది అనే పెట్టుకుందాం. మీవంటి విదుషీమణి విషయంలో అదే మర్యాద."

జిల్లా పోటీలకు పదకొండు రోజులున్నాయి.

వకుళ పెన్ను మూత తీసింది. ‘గడి 22లోని ఫలితాన్ని నేను ఏ ఆధారమూ లేకుండా, తెలిసే, సొంతంగా కల్పించి రాశాను’ అని రాసి, సంతకం చేసింది. పేరు పక్కన ఎం.ఏ. అని అలవాటుగా రాయబోయి, ఆగిపోయింది.

తర్వాత ఆమె చేసిన పని మాత్రం అచ్చంగా ఆమె చేయగలిగిందే. ఆట మూడూ నలభై రెండుకు మొదలైంది, సగంలో పావుగంట విరామం, సరిగ్గా ఐదింటికి కుక్కలు. లెక్క వేస్తే ఆట అరవై మూడో నిమిషంలో ఆగినట్టు. అప్పటికి ఎవరెన్ని గోల్స్ కొట్టారో ఎవరికీ గుర్తు లేదు. కాబట్టి సవరించిన చరిత్ర ప్రకారం, మొదటి అరవై మూడు నిమిషాలు ఎవరు ఎన్ని గోల్స్ అయినా కొట్టవచ్చు. ఆ తర్వాత కుక్కలు రావాలి. ఇది చదివి చెన్నకేశవులు చాలాసేపు నియమాల పుస్తకం తిరగేశాడు. అడ్డు చెప్పే నియమం ఒక్కటీ దొరకలేదు. పైగా ఒక అంశం ఆయనకు ఊరట కలిగించింది. ఫలితం ఎలా ఉన్నా, కుక్కలు వచ్చే సమయం మాత్రం ఖచ్చితంగా నమోదు చేసుకోవచ్చు.

సవరించిన చరిత్ర అమల్లోకి వచ్చిన మొదటి సాయంత్రం పిల్లలు ఆఫీసు సిబ్బంది మీద పంతొమ్మిది గోల్స్ కొట్టారు. మర్నాడు గుమాస్తాలు పదకొండు మందికీ ఒకేసారి వెన్నునొప్పి వచ్చి సెలవు పెట్టారు. వాళ్ల స్థానంలో చింతలగుట్ట జట్టుగా కాలేజీ మగపిల్లలు వచ్చారు. పరంధామయ్య మాత్రం బూట్లతో సహా వచ్చి, గీత బయట కూర్చుని సలహాలు చెబుతూ ఉండేవాడు. రోజూ అరవై మూడో నిమిషంలో విజిల్ మోగేది, దస్తగిరి చక్రం తిప్పేవాడు, ఏడు తాత్కాలిక గ్రేహౌండ్లు కుందేలును వదిలేసి నేరుగా బంతి మీదికి వచ్చేవి. పిల్లలు నవ్వుకుంటూ బంతి ఎత్తుకుని గేటు వైపు పరిగెత్తేవాళ్లు.

వకుళ సన్మానం రద్దయింది. ‘అనివార్య కారణాల వల్ల’ అని పేపర్లో వేశారు. ఆ కారణం తానేనని ఆమెకు తెలుసు గనుక, ఈసారి ఆ పత్రికకు ఉత్తరం రాయలేదు.

జిల్లా ఫైనల్ జిల్లా కేంద్రంలో, చింతలగుట్ట జట్టుతోనే పడింది. ఊరి నుంచి రెండు బస్సులు వెళ్లాయి. దస్తగిరిని కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్లారు. షమీమ్ మొదటి సగంలోనే రెండు గోల్స్ కొట్టింది. రెండో సగంలో మూడోది పడింది. ఓబులేశ్వరి, తన వైపు వచ్చిన ప్రతి బంతినీ పట్టుకుంది. వకుళ ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుని, మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటోంది. అది ఎందుకో ఆమెకే తెలియదు. అరవై మూడో నిమిషం రాగానే తెలిసింది.

మైదానంలో పదకొండు మంది పిల్లలూ ఉన్నచోటే ఆగిపోయారు. బంతి వదిలేసి, తలలు తిప్పి, కుడి పక్క మలుపు వైపు చూస్తున్నారు.

చింతలగుట్ట పిల్లలకు ఇదేదో వ్యూహం అనిపించి ముందు తడబడ్డారు. తర్వాత ఒకామె నింపాదిగా నడుచుకుంటూ వెళ్లి గోలు కొట్టింది. 3–1. మన పిల్లలు ఇంకా మలుపు వైపే చూస్తున్నారు. వకుళ యాభై మూడేళ్ల జీవితంలో పదిమందిలో గొంతెత్తి ఎరగదు. లేచి నిలబడింది.

"కుక్కల్లేవు" అని అరిచింది. "ఈరోజు కుక్కల్లేవు, ఆడండి."

గ్యాలరీలో రెండు వేల మంది ఆమె వైపు తిరిగి చూశారు. షమీమ్ కూడా చూసింది. చూసి, ఒక్క ఉదుటున బంతి వైపు కదిలింది. మిగిలిన ఇరవై ఏడు నిమిషాలు, ముత్యాలకొట్టాల జట్టు ఎప్పుడూ సాధన చేయని ఆట ఆడింది. ఆయాసపడ్డారు, రెండుసార్లు పడ్డారు, పడుతూ లేస్తూ ఆ 3–1ని నిలబెట్టుకున్నారు. ఆఖరి విజిల్ పడ్డాక కూడా ఓబులేశ్వరి ఒక బంతిని ఆపింది. అలవాటు కొద్దీ.

"ఇప్పుడు అడుగు మా ఫలితం" అన్నాడు దస్తగిరి పక్క నుంచి.

పిల్లల్లో ఐదుగురికి హాస్టల్ సీట్లు వచ్చాయి. షమీమ్ వాళ్లలో ఉంది.

ఆ నెలాఖరున మైదానం గేటు పక్కన మునిసిపాలిటీ నల్లరాతి ఫలకం ఒకటి పెట్టింది. స్టేడియం చరిత్ర అంతా క్లుప్తంగా ఉంది. చివర రెండు పంక్తులు: ‘గడి 22లోని అసత్యమును తెలిసి వ్రాసినవారు: శ్రీమతి వకుళ. అసత్యమును గుర్తించినవారు: శ్రీమతి వకుళ.’ తన పేరు అచ్చులో చూసుకోవాలని ఆమె అనుకుంది. రాతిలో, రెండుసార్లు పడింది.

ఆదివారం పొద్దున ముగ్గు డబ్బా, తాడు పట్టుకుని వచ్చి, ఆ ఫలకం ముందు ఆగి మొదట్నుంచి చివరిదాకా చదివింది. స్టేడియం కట్టిన సంవత్సరం 1965 అని చెక్కారు. తొమ్మిదేళ్లు తేడా. అంటే ఫైనల్ జరిగిన ఏడాదికి ఇంకా స్టేడియమే లేదు.

వకుళ చెయ్యి తనంతట తానే సంచిలోని పెన్ను మీదికి పోయింది. దీనికి ఉత్తరం రాయాలి. ఉత్తరం రాస్తే నమూనా-7 వస్తుంది. నమూనా-7లో ముప్పై నాలుగు గడులుంటాయి. అందులో ముప్పై ఒకటోది ‘ప్రస్తుత వినియోగము’.

గేటు లోపల మిగిలిన పిల్లలు అప్పుడే బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. ఆమె పెన్ను సంచిలో అట్టడుక్కి తోసేసి, లోపలికెళ్లి, మధ్యగీత దగ్గర వంగి, పిడికెడు ముగ్గుపిండి తీసింది. గీత తిన్నగా రావడానికి తాడు రెండుసార్లు సరిచూసుకుంది.